‘ప్లీజ్’ అన్నాక ఒక ఊపిరి సేపు

కిందటి నెలలో ఒక ఉదయం విజయవాడ స్టేషనులో గుంటూరు బండి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. హైదరాబాదు నుంచి రాత్రంతా ప్రయాణం చేసిన అలసటతో కళ్ళు మూతలు పడుతుండగా, నెత్తిమీది మైకు మూడు భాషల్లో పలికింది. ఇంగ్లీషులో ‘మే ఐ హావ్ యువర్ అటెన్షన్ ప్లీజ్’ అన్నది, హిందీలో ‘కృపయా’ అన్నది, తెలుగులో ‘దయచేసి వినండి’ అన్నది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మాటలను ఒక మనిషి గదిలో కూర్చుని నోటితో చెప్పేవారు. దగ్గు వస్తే మైకు పక్కకు తిరిగి దగ్గడం కూడా మాకు వినబడేది. ఇప్పుడు రికార్డు చేసిన ముక్కలను యంత్రం అతికి వినిపిస్తుంది. ఆ అతుకులు నన్ను ఇబ్బంది పెట్టలేదు గాని, ‘ప్లీజ్’ అన్న మాట దగ్గర గొంతు కిందికి దిగిపోవడం మాత్రం చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

ఆ మాటను ఎలా పలకాలో నాకు నేర్పిన మనిషి పెద్దకర్మకే ఆ రోజు నేను వెళ్తున్నాను. ఆమె దూరపు ఊళ్ళ ఫోను కాల్స్‌ను చేత్తో కలిపే విజయవాడ ట్రంకు ఎక్స్ఛేంజిలో మా సూపర్వైజరు. మేమంతా ‘మేడం’ అనేవాళ్ళం. పుట్టింది, పెరిగింది, చివరికి కన్నుమూసింది గుంటూరు బ్రాడీపేటలో. మైకు మరోసారి పలికింది. మరోసారి ఆ మాట కిందికే దిగింది. బండి కృష్ణ వంతెన ఎక్కేసరికి నా మనసు ఎప్పుడో దాటి వచ్చిన ఒడ్డు మీద ఉంది.

* * *

నేను ‘ప్లీజ్’ అన్న మాటను మొదట విన్నది బడిలో కాదు, గుంటూరు కోర్టులో. మా నాన్నగారు ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తా. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని నేను కోర్టుకు వెళ్ళేదాన్ని. చింతచెట్ల నీడలో కక్షిదారులు చాపలు పరుచుకుని పడుకునేవాళ్ళు. స్టాంపు వెండర్ల పెట్టెలు, టైపు మిషన్ల టకటకలు, బంట్రోతు గుమ్మంలో నిలబడి పేర్లను మూడుసార్లు సాగదీసి పిలిచే కేక, కాగితాల కట్టల మీద ఎర్ర టేపు, లక్క వాసన, ఇవన్నీ నాకు ఇప్పటికీ చెవుల్లో, ముక్కులో ఉన్నాయి. కోర్టు హాలు కిటికీ దగ్గర నిలబడితే లోపల నల్లకోటు వేసుకున్న ప్లీడరు గారు లేచి, కొంచెం వంగి, ‘మే ఇట్ ప్లీజ్ యువర్ ఆనర్’ అనడం వినిపించేది. ఏ వాదన అయినా ఆ మాటతోనే మొదలయ్యేది. దేవుడికి దండం పెట్టి పని మొదలుపెట్టడం లాంటిదేదో అని నేను అనుకునేదాన్ని.

దాని అర్థం ఏమిటని అడిగితే నాన్నగారు ఆ సాయంత్రం అరుగు మీద లాంతరు దగ్గర కూర్చుని చెప్పారు. ఆయనకు డిగ్రీ లేదు గాని, వేలంలో కొన్న ఒక పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. అట్ట ఊడిపోతే పాత దావా కాగితాల మీది గుడ్డతో ఆయనే బైండు చేసుకున్నారు. అన్నం తిన్న తరవాత అందులో ఒక మాట వెతికి, ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు మాకు చెప్పడం ఆయనకు ఇష్టమైన పని. ‘మే ఇట్ ప్లీజ్ యువర్ ఆనర్’ అంటే ‘ఇది తమ చిత్తానికి వచ్చుగాక’ అని చెప్పారు. పాత ఉత్తరాల్లో మన పెద్దలు ‘చిత్తగించవలెను’ అని రాసేవారే, అదే మాట ఇది అన్నారు.

తరవాత ఆయన చెప్పినది నాకు పెద్దయ్యాక ఇంకా బాగా అర్థమైంది. లాటిన్ భాషలో ‘ప్లాకేరే’ అనే క్రియ ఉంది. ఇంపుగా ఉండటం, మనసుకు నచ్చడం అని దాని అర్థం. ఆ క్రియ ఫ్రెంచి వాళ్ళ నోటిలో నలిగి, 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్న తరవాత వాళ్ళ దొరతనంతో పాటు సముద్రం దాటి ఇంగ్లీషులోకి వచ్చింది. 14వ శతాబ్దంలో ఇంగ్లీషు వాళ్ళు ఎవరినైనా ఏదైనా అడగాలంటే ‘ఇఫ్ ఇట్ ప్లీజ్ యు’ అనేవారు. అంటే, మీకు ఇష్టమైతే. షేక్స్‌పియర్ నాటకాల్లో కూడా ఒంటరిగా ‘ప్లీజ్’ అన్న మాట ఈ అర్థంలో కనబడదు. ఆయన రాసిన వాటిలో అతి పొట్టి రూపం ‘ప్లీజ్ యు’. అప్పటి జనం ఎక్కువగా ‘ఐ ప్రే యు’ అని, దాని మరో రూపమైన ‘ప్రిదీ’ అని అడిగేవారు. వేడుకుంటున్నాను అని వాటి అర్థం. 17వ శతాబ్దం నుంచి మిగతా మాటలన్నీ రాలిపోయి ‘ప్లీజ్’ ఒక్కటే మిగలడం మొదలైంది. ‘ఇఫ్’ పోయింది, ‘ఇట్’ పోయింది, ‘యు’ పోయింది. ఫ్రెంచి వాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆ వాక్యాన్ని నిండుగానే ‘సిల్ వు ప్లే’ అంటారు. గుంటూరులో కాస్త కలిగిన వాళ్ళ ఇంగ్లీషు శుభలేఖల కింద ‘ఆర్.ఎస్.వి.పి.’ అని నాలుగు అక్షరాలు అచ్చు వేయించేవారు కదా, అందులో చివరి మూడు అక్షరాలు ఆ ఫ్రెంచి ప్లీజే. జవాబివ్వండి, మీకు ఇష్టమైతే.

నాన్నగారికి అన్నింటికన్నా సంతోషం కలిగించినది ఇంకొకటి. ఆ ‘ప్లాకేరే’ నుంచే ‘ప్లాకితుమ్’ అనే మాట వచ్చింది. సమ్మతమై నిర్ణయమైన విషయం అని దాని అర్థం. అది ఫ్రెంచి మీదుగా నడిచి ‘ప్లీ’ అయింది, ‘ప్లీడ్’ అయింది, చివరికి మన ప్లీడరు గారు అయింది. ‘చూశావుటే, మన ప్లీడరు గారి పేరులోనే ప్లీజ్ ఉంది’ అని ఆ రాత్రి ఆయన పొంగిపోయారు. 1961లో అడ్వకేట్ల చట్టం వచ్చాక కాగితాల మీద ప్లీడరు పోయి అడ్వకేటు వచ్చాడు గాని, గుంటూరు జనం నోట చాలాకాలం ప్లీడరు గారే నిలిచారు.

ఆయన ఇంకో సంగతి కూడా చెప్పేవారు. ఇంగ్లండులో ఫ్రెంచిలో సాగే కోర్టు వాదనలు జనానికి అర్థం కావడం లేదని, 1362లో మూడో ఎడ్వర్డు రాజు ఏలుబడిలో, వాదనలు ఇంగ్లీషులోనే జరగాలని చట్టం చేశారు. మన రాష్ట్రంలో 1966లో అధికార భాషా చట్టం వచ్చినప్పుడు నాన్నగారు ఆ 1362ను తలుచుకుని, కక్షిదారుకు తన దావా ఏమిటో తనకే తెలిసే రోజు వస్తుందని ఎంతో ఆశపడ్డారు. ఆ ఆశ ఆయన బతికి ఉండగా తీరలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

* * *

బడిలో ‘ప్లీజ్’ వేరే వేషంలో వచ్చింది. 1842లో హేయరు అనే లూథరన్ మిషనరీ అమెరికా నుంచి గుంటూరుకు వచ్చిన తరవాత ఆ మిషను బడులు ఆ చుట్టుపక్కల చాలా వెలిశాయి. మాకు ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మ అలాంటి బడిలోనే చదువుకున్నవారు. తెల్లచీర, నూనె పెట్టి బిగించిన ముడి, చేతిలో సుద్దముక్క. లోపలికి రావాలన్నా, బయటికి వెళ్ళాలన్నా, మంచినీళ్ళు తాగాలన్నా చివర ‘ప్లీజ్’ చేర్చనిదే ఆమె తల ఎత్తి చూసేవారు కారు.

ఆ అలవాటుతో ఒక సాయంత్రం ఇంటికి వచ్చి నాయనమ్మను ‘మంచినీళ్ళు ఇయ్యి నాయనమ్మా, ప్లీజ్’ అన్నాను. ఆమె చెంబు పట్టుకుని ఆగిపోయింది. ఆ మాటకు అర్థం ఏమిటని అడిగింది. నాకు తెలిసినంతలో ‘దయచేసి’ అని చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది. ‘నీళ్ళు ఇవ్వడానికి నా దయ ఎందుకే? నన్ను ఎప్పుడు పరాయిదాన్ని చేశావు?’ అంది. చెంబు నా చేతికి ఇచ్చి, నేను తాగేంతవరకు చూస్తూ నిలబడి, ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

నాయనమ్మకు వేడుకోవడం రాదని కాదు. బజారులో, బంధువుల ఇళ్ళలో ఆమె అడిగే తీరు నేను ఎరుగుదును. రిక్షా మనిషిని ‘బాబ్బాబు, కాస్త ఆ సందులోకి తిప్పు నాయనా’ అనేది. పాలమ్మే మనిషిని ‘మా తల్లి కదూ, ఇవాళ ఇంకో గిద్దెడు పొయ్యి’ అనేది. అల్లుడు గుమ్మంలోకి వస్తే ‘దయచేయండి’ అనేది. తెలుగులో ‘దయచేయడం’ అంటే ఇవ్వడమూ అవుతుంది, రావడమూ అవుతుంది. పెద్దవాళ్ళు మన ఇంటికి రావడమే మన మీద చూపిన దయ అన్నమాట. ఆ మాటలన్నీ ఎవరితో ఏది అనాలో తెలిసి అనే మాటలు. అందరికీ ఒకే కొలతతో ఇచ్చే మాట ఒకటి ఉండటం, దాన్ని కన్నవాళ్ళ దగ్గర కూడా అనవలసి రావడం ఆమెకు మింగుడు పడలేదు. ఇంగ్లీషు ఇంట్లో కొడుకు తల్లిని ఉప్పు అందించమని అడిగినా ప్లీజ్ అంటాడని, అది అక్కడ పరాయితనం కాదని నాన్నగారు నచ్చచెప్పబోయారు గాని ఆమె వినలేదు. ఆమె మాట ఆమెకు నిజం. నేను ఆ తరవాత ఆమెతో ఎప్పుడూ ఆ మాట అనలేదు.

* * *

నాకు టెలిఫోన్ శాఖలో ఆపరేటరు ఉద్యోగం వచ్చినప్పుడు, ఆ ఉత్తర్వును నాన్నగారు నాకన్నా ముందు చదివారు. ప్రభుత్వ ఉత్తర్వుల్లో ‘ఈజ్ ప్లీజ్డ్ టు అపాయింట్’ అనే ధోరణి ఉంటుంది. గవర్నరు గారు సమ్మతించి మంజూరు చేశారు, రాష్ట్రపతి సమ్మతించి నియమించారు అన్నట్టు. మన రాజ్యాంగం 310వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి రాష్ట్రపతి ‘ప్లెజర్’ ఉన్నంత వరకు కొలువులో ఉంటాడు. ఆ ప్లెజర్ కూడా ఈ కుటుంబంలోనిదే. ‘రాజు గారి చిత్తం’ అని నాన్నగారు తెలుగు చేశారు. ప్లీడరు గారు చేతులు కట్టుకుని అడిగిన మాటనే ప్రభుత్వం గద్దె మీద కూర్చుని అంటోందని, కింది నుంచి పైకి వెళ్ళేటప్పుడు విన్నపం, పై నుంచి కిందికి వచ్చేటప్పుడు ఉత్తర్వు అని ఆయన వివరించారు.

మొదటి రోజు ఎక్స్ఛేంజిలో అడుగు పెట్టినప్పుడు నాకు తేనెతుట్టెలో దూరినట్టు అనిపించింది. వరసగా బోర్డులు, వాటి ముందు ఎత్తు కుర్చీల మీద అమ్మాయిలు, ప్రతి ఒక్కరి తల మీద హెడ్‌సెట్, రెండు చేతుల్లో కార్డులు, అంటే లైన్లు కలిపే తీగలు. ఒక కార్డు ఒక రంధ్రంలో గుచ్చితే ఒక ఊరు, ఇంకో కార్డు ఇంకో రంధ్రంలో గుచ్చితే ఇంకో ఊరు. ఏలూరు, తెనాలి, రాజమండ్రి, మద్రాసు. వెలిగి ఆరే చిన్న దీపాలు. అందరి నోటా ఒకటే మాట, ‘నంబర్ ప్లీజ్’.

ఆ మాట మా బోర్డు కన్నా చాలా పాతది. టెలిఫోను పుట్టిన కొత్తలో అమెరికాలో లైన్లు కలిపే పనికి కుర్రాళ్ళను పెట్టారు. వాళ్ళు దురుసుగా మాట్లాడుతున్నారని ఫిర్యాదులు రావడంతో, 1878 సెప్టెంబరులో బోస్టన్ నగరంలో ఎమ్మా నట్ అనే ఆమెను తీసుకున్నారు. ప్రపంచంలో మొదటి మహిళా ఆపరేటరు ఆమే. ఆ తరవాత అది ఆడవాళ్ళ ఉద్యోగం అయింది, ‘నంబర్ ప్లీజ్’ దాని గుర్తు అయింది. దాదాపు వందేళ్ళ తరవాత బెజవాడలో నేను ఆ మాటే పలకడానికి జీతం తీసుకున్నాను.

పలకడం సులువనుకున్నాను. మేడం నా పక్కన రెండో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుని ఒక పూటంతా విన్నారు. ఆ తరవాత నన్ను పక్కగదిలోకి పిలిచి, ‘నువ్వు ప్లీజ్ దగ్గర గొంతు దించేస్తున్నావమ్మా. దించితే అది ఆజ్ఞ అవుతుంది. చివర కొంచెం ఎత్తు. ఎత్తాక ఒక ఊపిరి పీల్చినంత సేపు ఆగు. అవతల ఉన్నది పల్లెటూరి మనిషి కావచ్చు, జీవితంలో మొదటిసారి ఫోను పట్టుకుని ఉండవచ్చు. ఆ కాస్త సేపు ఆయనది’ అన్నారు. నాకు నాన్నగారి నిఘంటువు గుర్తుకు వచ్చింది. ఎప్పుడో రాలిపోయిన ‘ఇఫ్’ను, ఆ ‘ఇష్టమైతే’ను, మేడం ఆ ఊపిరి సేపులో తిరిగి పెడుతున్నారని నాకు అనిపించింది. ఆమె ఏ నిఘంటువూ చూడలేదు. చెవితో తెలుసుకున్నారు.

* * *

ఆ రోజుల్లో ట్రంకాల్ అంటే ఒక పెద్ద పని. 180కి ఫోను చేసి కాల్ బుక్ చేసుకుని, అది ‘మెచ్యూర్’ అయ్యేంతవరకు, అంటే లైను కలిసేంతవరకు, గంటలకొద్దీ ఎదురుచూడాలి. మామూలు కాల్, దానికి రెట్టింపు రేటుతో అర్జెంటు కాల్, ఎనిమిది రెట్లతో లైట్నింగ్ కాల్. మూడు నిమిషాలు కాగానే మేము మధ్యలో దూరి ‘త్రీ మినిట్స్ ఓవర్, ఎక్స్‌టెండ్ ప్లీజ్?’ అని అడగాలి. గుంటూరు మిర్చి వ్యాపారులు, పొగాకు వ్యాపారులు, గాంధీనగరంలోని సినిమా డిస్ట్రిబ్యూటర్లు లైట్నింగ్ కాల్స్‌కు వెనకాడేవారు కాదు. సినిమా విడుదలైన రోజు మద్రాసు లైన్లు ఊపిరాడకుండా ఉండేవి. మిర్చి సీజనులో గుంటూరు నుంచి వచ్చే గొంతుల్లో కూడా ఘాటు ఉన్నట్టుండేది. వాళ్ళలో ఒక్కరూ మాకు ప్లీజ్ చెప్పేవారు కారు. ‘అమ్మాయ్, బొంబాయి కాస్త తొందరగా తగిలించు తల్లీ, పుణ్యం ఉంటుంది’ అనేవారు. ఆ ‘కాస్త’, ఆ ‘తల్లీ’, ఆ ‘పుణ్యం’ మూడూ కలిస్తే నాకు ఏ ప్లీజూ తక్కువ కాలేదు.

ఎక్కువమందికి సొంత ఫోను ఉండేది కాదు. ఉత్తరాల మీద, విజిటింగ్ కార్డుల మీద నంబరు పక్కన ‘పీ.పీ.’ అని రాసుకునేవారు. అది పక్కింటి వాళ్ళ ఫోను అన్నమాట. ఆ ఫోనుకు కాల్ కలిపినప్పుడు వినబడే మాటలు నాకు ఇప్పటికీ కంఠస్థం. ‘ఏమీ అనుకోకపోతే, మీ పక్కవాటాలో మాస్టారి గారిని కాస్త పిలుస్తారా అండీ’, ‘మీకు శ్రమ కాకపోతే, మా అమ్మాయికి పరీక్ష పాసయిందని ఒక్కమాట చెబుదురూ’. తెలుగులో ప్లీజుకు మాట లేదని కొందరు అంటారు. నేను ముప్ఫై ఏళ్ళు తెలుగు వాళ్ళ గొంతులను చెవిలో పెట్టుకుని బతికినదాన్ని. ఆ మాట నేను ఒప్పుకోను. ‘ఏమీ అనుకోకపోతే’ అన్నది ‘ఇఫ్ ఇట్ ప్లీజ్ యు’ కాకపోతే మరేమిటి? ఇంగ్లీషు వాళ్ళు మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట పారేసుకున్న ‘ఇఫ్’ మన ‘పోతే’లో నిక్షేపంగా ఉంది. క్రియ చివర వచ్చే ‘అండీ’లో ఉంది, ‘పిలుస్తారా’ అనే ప్రశ్నలో ఉంది, ‘చెబుదురూ’ అనే దీర్ఘంలో ఉంది. విడిగా ఒక మాటలో లేదంతే.

మేడం దగ్గర ఒక చిన్న గళ్ళ నోటుపుస్తకం ఉండేది. అందులో ఎడమవైపు శాఖ వాళ్ళు నేర్పిన ఇంగ్లీషు వాక్యాలు, కుడివైపు వాటికి ఆమె తనంతట తాను రాసుకున్న తెలుగు. ‘హోల్డ్ ఆన్ ప్లీజ్’కు ఎదురుగా ‘కాస్త లైనులో ఉంటారా’ అని ఉండేది. ‘స్పీక్ అప్ ప్లీజ్’కు ‘కొంచెం గట్టిగా చెబుతారా, నాకు సరిగా వినబడటం లేదు’ అని ఉండేది. తప్పు వినిపించని వాళ్ళది కాదు, వినబడని తనదే అన్నట్టు. ‘దయచేసి’ అన్న మాట కుడివైపు ఒక్కచోట కూడా లేదు. అడిగితే, ‘అది బోర్డుల మీద రాసే మాటమ్మా, నోటితో అనే మాట కాదు’ అన్నారు.

టెలిగ్రాఫు ఆఫీసులో పనిచేసే స్నేహితురాలు ఒకతె ఉండేది. టెలిగ్రాంలో మాటకు ఇంత అని రుసుము కాబట్టి, ఫారం నింపిన మనిషి చివరికి లెక్క చూసుకుని కొట్టేయించే మొదటి మాట ప్లీజేనని ఆమె చెప్పేది. ‘ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ’ అన్న నాలుగు మాటల్లో దానికి చోటు లేదు. 2013 జులైలో టెలిగ్రాం సేవ ఆగిపోయిందని వార్త విన్న రోజు నాకు ఆ కొట్టివేతలే గుర్తుకు వచ్చాయి.

* * *

1977 నవంబరు. దివిసీమను ఉప్పెన ముంచిన రాత్రి, ఆ తరవాతి రోజులు. విజయవాడలో గాలీవానతోనే పోయింది గాని, కింద సముద్రం ఊళ్ళమీదికి వచ్చిందని, వేల మంది పోయారని నెమ్మదిగా తెలిసింది. తీగలు తెగిపోయాయి, స్తంభాలు ఒరిగిపోయాయి. మా బోర్డు మీద ఆ వైపు దీపం ఒక్కటి వెలగలేదు. బెజవాడలో ఉన్న ఆ ఊళ్ళ వాళ్ళంతా ఫోను దొరికిన చోటల్లా పట్టుకుని మాకే చేశారు. నాకు రెండు డ్యూటీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

అర్ధరాత్రి దాటాక ఒకతను ఏదో హోటలు నుంచి చేశాడు. నాగాయలంక దగ్గర పల్లె, అమ్మానాన్నలు అక్కడ. ‘ప్లీజ్ అమ్మా, ప్లీజ్ అమ్మా’ అన్న మాట తప్ప అతని నోట మరో మాట రావడం లేదు. చదువుకున్నవాడిలా లేడు. ఎవరైనా పెద్దవాళ్ళను అడిగేటప్పుడు అనవలసిన మాట అది అని ఎక్కడో విని పట్టుకున్నట్టున్నాడు. నేను ‘నో లైన్ ప్లీజ్’ అని కార్డు లాగేశాను. గొంతు దించాను. ఆగలేదు. అప్పటికి ఆ మాట కొన్ని వందల సార్లు అని ఉంటాను.

మేడం నా వెనకే నిలబడి ఉన్నారు. నన్ను ఏమీ అనలేదు. కాల్ వివరాలు రాసుకునే టికెట్ మీద హోటలు నంబరు చూసి, పక్క బోర్డు నుంచి తానే తిరిగి రింగు చేశారు. ‘బాబూ, ఇందాక మీరు మాట్లాడిన ఎక్స్ఛేంజి నుంచే. దివి వైపు తీగలు తెగిపోయాయి. ఎప్పటికి వస్తాయో మాకు తెలియదు. మీ ఊరు పేరు, మీ నంబరు రాసుకున్నాను. లైను రాగానే ఎంత రాత్రయినా మిమ్మల్ని లేపమంటారా, తెల్లవారేదాకా ఆగమంటారా?’ అని అడిగారు. అడిగి, ఆగారు. అవతల నుంచి చాలాసేపు ఏమీ వినబడలేదు. బోర్డు మీద దీపాలు వెలిగి ఆరుతున్నాయి, కాల్స్ పేరుకుపోతున్నాయి, ఆమె మాత్రం కదలలేదు. చివరికి అతను, ‘లేపండమ్మా’ అన్నాడు.

కొన్ని వారాలకు అతను ఎక్స్ఛేంజి గేటు దగ్గరికి వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. తల్లి పోయిందని, తండ్రి ఒక తాటిచెట్టు పట్టుకుని బతికాడని చెప్పాడు. లైను వచ్చేదాకా ఉండలేక తెల్లవారుజామునే నడిచి వెళ్ళాడట. ఆ రాత్రి రెండోసారి మాట్లాడిన అమ్మగారిని చూడాలన్నాడు. మేడం బయటికి వస్తే, ‘నాకు ఏం కావాలని ఆ రాత్రి అడిగింది మీరొక్కరేనమ్మా’ అన్నాడు. నేను తలుపు ఇవతలే నిలబడి విన్నాను. బయటికి వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు. మొదటిసారి మాట్లాడినది నేనని అతనికి తెలియదు.

* * *

మేడం దసరా రోజుల్లో డ్యూటీ దిగి ఇంద్రకీలాద్రి మెట్లెక్కి వెళ్ళేవారు. ఒకసారి నన్నూ తీసుకువెళ్ళారు. అక్కడ సప్తశతి పారాయణ జరుగుతోంది. పదకొండో అధ్యాయంలో దేవతలు అమ్మవారిని ‘ప్రసీద ప్రసీద’ అని వేడుకునే చోటుకు వచ్చేసరికి నేను మేడం చెవి దగ్గర, ‘అంటే ప్రసన్నురాలివి కావమ్మా అని కదండీ?’ అని అడిగాను. ఔనన్నారు. ‘అయితే మేడం, అది ప్లీజే’ అన్నాను. ఆమె నవ్వలేదు. కళ్ళు మూసుకుని, పారాయణ చేసే ఆయన గొంతు ‘ప్రసీద’ దగ్గర ఎక్కడికి పోతుందో విన్నారు. ‘పైకే ఎత్తుతున్నాడు’ అన్నారు. లాటిన్‌కూ సంస్కృతానికీ ఈ రెండు మాటల మధ్య చుట్టరికం ఏమీ లేదు, ధాతువులు వేరు. అయినా మనిషి తనకన్నా పెద్దదాని ముందు నిలబడి అడగవలసి వచ్చినప్పుడు, నాకు ఇది కావాలి అనకుండా, నీ మనసు ప్రసన్నం కావాలి అని మొదలుపెట్టడం రెండుచోట్లా జరిగింది. గుంటూరు కోర్టులో ప్లీడరు గారి వంగిన నడుము నాకు ఆ కొండ మీద కనబడింది.

తరవాతి కథ తొందరగా చెప్పవచ్చు. ఆపరేటరు లేకుండా నేరుగా దూరపు ఊళ్ళకు డయల్ చేసే ఎస్టీడీ వచ్చింది. పసుపుపచ్చ బోర్డుల బూతులు వీధి వీధికీ వెలిశాయి. మా ఎత్తు కుర్చీలు ఒక్కొక్కటి ఖాళీ అయ్యాయి, కార్డులు చుట్టలు చుట్టి గోతాల్లో వేసి తీసుకుపోయారు. ‘ఈ మార్గంలోని లైన్లన్నీ బిజీగా ఉన్నాయి, దయచేసి కొంతసేపు ఆగి డయల్ చేయండి’ అనే గొంతు మా బదులు మాట్లాడటం మొదలుపెట్టింది. ఇప్పటి పిల్లలు ‘ప్లీజ్ రా’ అంటారు, ‘ప్లీజండీ’ అంటారు. మాటకు మన ‘అండీ’ తగిలించి దాన్ని మన ఇంటిదాన్ని చేసుకున్నారు. అది నాకు ఎంతో ఇష్టం. నాయనమ్మ ఉంటే ‘ప్లీజండీ’ని బహుశా ఒప్పుకునేది. కాని వాళ్ళ నోట ప్లీజ్ అంటే గారాబం, బతిమాలడం. పని ఉన్నవాడే అనే మాట. పని చేయించుకునే పెద్దవాడు కింది వాడితో అనే ప్లీజ్, నేను నేర్చుకున్న ప్లీజ్, అది మన దగ్గర చాలా తక్కువగా వినబడుతుంది.

* * *

బ్రాడీపేటలో మేడం ఇల్లు అప్పటిలాగే ఉంది. పెరట్లో బాదం చెట్టు మాత్రం లేదు. పెద్దకర్మ అయ్యాక ఆమె కూతురు పూజగది సొరుగులోంచి ఆ గళ్ళ నోటుపుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. చివరి పేజీల్లో రిటైరయిన తరవాత రాసుకున్న వాక్యాలు కూడా ఉన్నాయి. అవి ఎవరికి నేర్పడానికో తెలియదు. ఇంట్లో పనిమనిషితో, మందుల షాపు అబ్బాయితో, ఇంజక్షను ఇవ్వడానికి వచ్చే నర్సమ్మతో అన్నట్టున్నాయి. ‘ఇంకాసేపు కూర్చుంటావా’ అన్నది అన్నింటికన్నా కింద, వణికిన అక్షరాలతో ఉంది.

భోజనాలకు కూర్చున్నాము. హాలులో వరసగా విస్తళ్ళు, గారెలు, ముద్దపప్పు, నెయ్యి వాసన, ఎవరెవరో బంధువుల మాటలు. బయటి మనుషులను వడ్డనకు పెట్టినా, మా వరసకు మేడం కూతురే గిన్నె పట్టుకుని వచ్చింది. నా ముందు వంగి, ‘పిన్నిగారూ, ఇంకొంచెం పప్పు వడ్డించమంటారా?’ అని అడిగింది. చివరి అక్షరం దగ్గర గొంతు కాస్త పైకి లేచింది. వెంటనే గరిటె దించలేదు, పక్క విస్తరి వైపు చూడలేదు. గరిటె గిన్నె అంచున ఆనించి, నా ముఖం చూస్తూ ఆగింది.